నౌకరి ముగిసినా మిగిలిన పని

ఈ ఉదయం నర్సుల క్వార్టర్స్ పెరట్లో వంటామె చింతపండూ బూడిదా కలిపి ఇత్తడి బిందె తోముతోంది. ఆ పుల్లటి తడి వాసన కిటికీలోంచి లోపలికి రాగానే చేతిలోని పుస్తకంలో ఎక్కడ చదువుతున్నానో మరిచిపోయాను. చొప్పదండిలో మా పక్కింటి అరుగు మీద సుబేదారు నర్సయ్య గారు తన కోటు గుండీలను ఇలాగే తోమేవారు. బట్టకు మరక అంటకుండా ఒక్కో గుండీ కింద అట్టముక్క దూర్చి, పిల్ల చెవి కడిగినంత ఓపికగా. ఆయన పోయి రెండేళ్లవుతోంది. నర్సు పని నాకు ఆసుపత్రిలో నేర్పారు. అందులో అన్నింటికంటే బరువైన భాగం మాత్రం ఆయన దగ్గర నేర్చుకున్నాను.

నాకు ఊహ తెలిసేనాటికే ఆయన పటాలం నుంచి పింఛను మీద వచ్చేశారు. భార్య లేదు, పిల్లలు లేరు. కొద్దిపాటి పొలం, ఒక ట్రంకు పెట్టె. ఊరంతా ఆయన్ను సుబేదారనే పిలిచేది. సెలవు మీద వచ్చిన సిపాయిలు కన్నతల్లిని చూడకముందే ఆయన వాకిట్లో నిటారుగా నిలబడి సెల్యూట్ చేసి, తర్వాతే ఇళ్లకు పోయేవారు. జెండా పండుగలకు ఆయన పటాలం డ్రెస్ వేసుకొని, మెడల్స్ పెట్టుకొని బడికి వెళ్లేవారు. పట్వారీ ఊరుకునేవాడు కాదు. "లడాయి అయిపోయిందని గాయనకు ఎవలన్న చెప్పుండ్రి" అనేవాడు. "డ్రెస్ నాది గాదు పట్వారీ, సర్కారుది. నేను ఇస్త్రీ చేసి పెడుతున్న, గంతే" అని ఆయన నవ్వేవారు.

చైనాతో యుద్ధం జరుగుతున్నప్పుడు ఒక మధ్యాహ్నం పోస్టుమ్యాన్ ఇంగ్లిష్‌లో ఉన్న తంతి పట్టుకొని ఆయన దగ్గరికి వచ్చాడు. తూర్పు వాడకట్టు లచ్చవ్వ కొడుకు కొమురయ్య సరిహద్దులో చనిపోయాడు. ఆయన చదివి, లోపలికి వెళ్లి డ్రెస్ వేసుకొని మా ఇంటికి వచ్చారు.

"చెల్లే, బిడ్డను జర నా ఎంబడి తోలియ్యి. లచ్చవ్వ ఒక్కతే ఉంటది. పక్కన ఆడమనిషి ఉండాలె" అన్నారు మా అమ్మతో. ఆమెను నేను అవ్వ అనే పిలిచేదాన్ని.

"దీన్నా? దీనికి నోట్లె నాలుకే లేదు గద అన్నా!"

"గందుకే అడుగుతున్న. మాట్లాడెటోళ్లు ఊరంత ఉన్నరు."

దారిలో ధైర్యమంతా కూడదీసుకొని అడిగాను. "మామా, మీ నౌకరి అయిపోయింది గద. మీరే ఎందుకు చెప్పాలె?"

"నౌకరి అయిపోయింది బిడ్డా, గీ పని అయిపోలే. కాయితమైతే పోస్టోడు ఇస్తడు. పానం పోయిందని ఫౌజోడే చెప్పాలె. కూసొని చెప్పాలె, మొదటి మాటల్నే చెప్పాలె. వాళ్లు పొమ్మన్నదాంక లేవొద్దు." కొంచెం దూరం నడిచాక, "నువ్వేం మాట్లాడకు. చెయ్యి పట్టుకో, సాలు" అన్నారు.

లచ్చవ్వ వాకిట్లో చాట పెట్టుకొని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. మడత నలగని ఆ డ్రెస్‌తోనే ఆయన మట్టిలో కూర్చున్నారు. "లచ్చవ్వా, కొమురయ్య లేడు" అన్నారు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. పొద్దుగూకేదాకా కూర్చున్నాం. ఇంటికి వచ్చి చూసుకుంటే నా అరచేతిలో బియ్యపు గింజల అచ్చులు పడి ఉన్నాయి. రోజూ రాసుకునే డైరీ తెరిచాను గానీ ఒక్క వాక్యం రాయలేకపోయాను.

తర్వాత వచ్చిన జనవరి జెండా పండుగకు ఆయన ఎప్పటిలాగే డ్రెస్ వేసుకొని పద్మశాలీల వాడ మీదుగా బడికి బయలుదేరారు. వెనక మా తరగతి ఆడపిల్లలతో నేనూ ఉన్నాను. ఇంటి ముందు రాట్నం మీద నూలు కండెలు చుడుతున్న రాజవ్వ దూరం నుంచే ఆయన్ను చూసింది. మగ్గం వదిలి ఫౌజులో చేరిన ఆమె ఒక్కగానొక్క కొడుకు ఓదెలు అప్పటికింకా సరిహద్దులోనే ఉన్నాడు. ఆమె రాట్నం కాలికి తగిలినా ఆగకుండా లోపలికి పరుగెత్తి గొళ్లెం పెట్టుకుంది.

"నా ఇంటికి రాకు! నా కొడుకు మంచిగున్నడు! ఇంకో దిక్కు పో, నీకు దండం పెడత, పో!"

"రాజవ్వా, నేను జెండకాడికి పోతున్న. ఓదెలు మంచిగనే ఉన్నడు" అని ఆయన మూసిన తలుపుతో చెప్పారు. లోపల ఏడుపు ఆగలేదు. ఆయన టోపీ తీసి చంకలో పెట్టుకొని, వచ్చిన దారినే ఇంటికి వెళ్లిపోయారు.

సాయంత్రం నేను వెళ్లేసరికి డ్రెస్ మడిచి ట్రంకులో పెడుతున్నారు. "ఆమె పరేషాన్‌ల ఉంది మామా, మీరు మనసుల పెట్టుకోవద్దు" అన్నాను.

"తల్లులు జూసి తలుపులేసుకునే డ్రెస్ ఏం డ్రెస్ బిడ్డా?"

మళ్లీ ఆ పెట్టె తెరవలేదు. సెలవు మీద వచ్చిన సిపాయిలను సెల్యూట్ చేయవద్దన్నారు. ఎవరైనా సుబేదారని పిలిస్తే, "నర్సయ్య అనుండ్రి" అనేవారు. నడకలో ఉండే పటాలం కొలత కూడా మెల్లగా సడలిపోయింది.

పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చిన ఏడాది పోస్టుమ్యాన్ మళ్లీ ఆయన అరుగు ఎక్కాడు. ఈసారి ఓదెలు. ఆయన ట్రంకు మూత మీద చెయ్యి వేసి, తెరవకుండానే వెనక్కి తీసుకున్నారు. ధోవతి, తెల్ల అంగీతోనే నన్ను పిలుచుకొని బయలుదేరారు.

మామూలు బట్టల్లో వచ్చిన ఆయన్ను చూసి రాజవ్వ తలుపు వేసుకోలేదు. "రా తమ్మీ, కూసో" అని చెంబుతో నీళ్లు తెచ్చింది. ఆ నీళ్లు ఆయన అందుకున్నారు, తాగలేదు. చెంబు పక్కన పెట్టి, "రాజవ్వా, ఓదెలు లేడు" అన్నారు.

ఆమె ఏడవలేదు. ఆయన అంగీ వైపు చూసింది.

"డ్రెస్ ఏది?" అంది.

"నువ్వు భయపడ్డవని..."

"కొమురయ్యకు ఏసుకొని పోయినవ్. నా కొడుకు గంత తక్కువోడా? పో. ఏసుకొని రా. మళ్ల చెప్పు."

ఆయన లేచి వెళ్లారు. ఆమె చెయ్యి పట్టుకొని నేనొక్కదాన్నే మిగిలాను. కొంతసేపటికి ఆమె నా వైపు తిరిగి, "నిజమేనా బిడ్డా?" అని అడిగింది. మాట్లాడవద్దని చెప్పిన మనిషి పక్కన లేరు. ఆ ఇంట్లో ఆమెకు జవాబు చెప్పగలిగింది నేనే.

"నిజమే అత్తా" అన్నాను.

ఆయన తిరిగి వచ్చారు. కోటు భుజాల దగ్గర వదులైపోయింది. గడపలో నిలబడి, ఖాళీగా ఉన్న ఓదెలు మగ్గం వైపు సెల్యూట్ చేసి, వచ్చి నేల మీద కూర్చొని, మొదటిసారి చెబుతున్నట్టే మళ్లీ చెప్పారు. అప్పుడు రాజవ్వ "సుబేదారా!" అని ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. ఆ పేరు వద్దని ఆయన ఆమెతో అనలేదు.

మరుసటి వానాకాలంలో జ్వరం వచ్చి ఆయన వెళ్లిపోయారు. అప్పటికి నేను నర్సు శిక్షణలో ఉన్నాను, కడచూపుకు అందలేదు. స్నానం పోసి తెల్లబట్ట కప్పబోతున్నవాళ్లను ఆపి రాజవ్వే ట్రంకు తెరిపించి డ్రెస్ వేయించిందని అవ్వ చెప్పింది.

నేనిప్పుడు పనిచేసే ఈ గనుల ఊళ్లో ప్రమాదపు సైరన్ మోగితే మా ఆసుపత్రి వరండా ఆడవాళ్లతో నిండిపోతుంది. ఎవరో ఒకరు వాళ్లలో ఒకామెకు తన మనిషి లేడని చెప్పవలసి వస్తుంది. మాటకారులైన నర్సులు ఆ సమయానికి ఏదో ఒక పని కల్పించుకుంటారు. నేను వెళ్తాను. తెల్లచీర మాసినా నేల మీద కూర్చొని, చెయ్యి పట్టుకొని, మొదటి మాటలోనే చెబుతాను. నిజమేనా అని ఆమె అడిగితే నిజమే అంటాను. నా గొంతు ఇప్పటికీ చిన్నదే. పొమ్మనేదాకా లేవను.