ఇంకొక్కటి ఉండాలప్పా

ఇంక ఇచ్చే మందు లేదు, ఇంటికి తీసుకుపొమ్మని చెప్పి డాక్టరు వెళ్ళిపోయాడు. మా పక్కంగడి అన్న ఏడవలేదు. భార్య పడుకున్న గది బయట, బల్ల అంచును కుడి బొటనవేలితో నొక్కుతూ కూర్చున్నాడు.

ఆ నొక్కుడు నాకు తెలుసు.

ఆదివారాలు మేమిద్దరం గేర్ల సైకిళ్ళ మీద నంద్యాల నుంచి శిరివెళ్ల, ఆళ్లగడ్డ దాటి అహోబిలం కొండ ఎక్కేవాళ్ళం. ఆయన తన సైకిలుకు ముందర, పెడళ్ల దగ్గరున్న మూడు పళ్లచక్రాలు పీకించి చిన్నదొక్కటే పెట్టించాడు. వెనక మాత్రం చిన్నదాని నుంచి అన్నం పళ్లెమంత దాని దాకా వరసగా ఉండేవి. నాకది నచ్చక పోట్లాడేవాణ్ణి. చదును రోడ్డు మీద ఆయన కాళ్ళు ఊరికే గిర్రున తిరిగేవి, ట్రాక్టర్లు కూడా దాటిపోయేవి.

"చదున్లో ఎట్లనో పోతాంలేప్పా. ఎక్కేకాడ గదా కావాల్సింది," అనేవాడు.

ఎక్కేకాడ చైను ఆ పళ్లెం మీదికి వచ్చేసేది. అంతకంటే తేలిక గేరు లేదు. అయినా కుడి బొటనవేలు హ్యాండిలు మీది గేరు మీటను నొక్కుతూనే ఉండేది. "ఇంకొక్కటి ఉండాలప్పా!" అని రొప్పేవాడు. సైకిలు దిగి తోయడం మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

ఆసుపత్రి వరండాలో ఆయన నావైపు తిరిగాడు.

"ఇంకొక్కటి ఉండాల గదప్పా?"

ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాను. నా అరచేతిలో కూడా ఆ వేలు నొక్కుతూనే ఉంది.