విజయేందర్ దాటిన సిగ్నల్

ఇరవై రెండేళ్లు గూడ్సు బండ్లు నడిపిన విజయేందర్ ఒక్కసారి కూడా ఎర్ర సిగ్నల్ దాటలేదు. ఆ సంగతి మెట్టుగూడ రైల్వే క్వార్టర్స్‌లో అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు ఆయనే చెప్పేవాడు. అలాంటి మనిషిని రెండువేల నాలుగు వేసవిలో రైల్వే డాక్టర్లు ఇంజను మీంచి దింపేశారు. క్షయకు వాడిన మందుల వల్ల కళ్లకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియడం లేదని రాసి, మౌలాలి షెడ్డులో రిజిస్టర్లు రాసే కుర్చీ చూపించారు.

విజయేందర్ నమ్మలేదు. మళ్లీ పరీక్ష చేయమని అర్జీ పెట్టుకున్నాడు. సోమవారానికి పిలుపొచ్చింది. తోటి డ్రైవర్ జోగారావు ఒక సాయం చేశాడు. కళ్ల డాక్టరు చూపించే రంగుచుక్కల పుస్తకంలో ఏ పేజీలో ఏ అంకె ఉంటుందో వరసగా కాగితం మీద రాసిచ్చాడు. విజయేందర్ దాన్ని ఎక్కాల్లా వల్లె వేస్తుంటే భార్య శారదమ్మ ఉండబట్టలేక అడిగింది.

"గిట్ల కంఠతా పెట్టుడు తప్పు గాదా?"

"కండ్లు మంచిగున్నోడు చదివితే తప్పేంది?"

సాయంత్రాలు ఆయనకు ఒకటే కాలక్షేపం. కూతురు నవత ఎంసీఏ చదువుతోంది. ఆమె స్నేహితురాలు ఇచ్చిన రైలు నడిపే ఆట ఇంట్లో కంప్యూటర్‌లో ఉంది. కానీ ఆ కంప్యూటర్ ఐదేళ్ల పాతది. బండి వేగం అందుకోగానే బొమ్మ బిగుసుకుపోయేది. మళ్లీ కదిలేసరికి సిగ్నల్ వెనకబడి, ఎర్ర సిగ్నల్ దాటావని తెర మీద అక్షరాలు పడేవి. ఆ అక్షరాలు చూసినప్పుడల్లా విజయేందర్‌కు ఒళ్లు మండేది.

"తప్పు నాది గాదు, డబ్బాది," అని తేల్చాడు.

పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాన్లమ్మే అబ్రహాం దగ్గరికి వెళ్లాడు. "కొత్తది కొనాలంటే ఇరవై వేలు సార్. గంత ఎందుకు? ర్యామ్ పెంచుదాం, సెకండ్‌హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డ్ ఒకటి వేద్దాం. రెండున్నర వేలల్ల అయిపోతది. బిగియ్యనీకి మనిషిని పంపాల్నా?"

"డీజిల్ ఇంజన్లతోని బతికినోణ్ణి. డబ్బా విప్పలేనా?"

శనివారం నవత స్నేహితురాలింటికి పోయిన సమయం చూసి, విజయేందర్ డబ్బా మూత విప్పాడు. లోపల వేలి మందాన దుమ్ము. కార్డు గాడిలో పెట్టాడు, ర్యామ్ పలక నొక్కాడు, స్విచ్ వేశాడు. ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. డబ్బా లోంచి బీప్, బీప్ అని ఒకటే కూత.

వంటింట్లోంచి శారదమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఏం జేసినవయ్యా? పిల్ల ప్రాజెక్ట్ అంత దీంట్లనే ఉన్నది! సోమవారం కాలేజీల ఇయ్యాలె!"

విజయేందర్ గబగబా స్విచ్ ఆపేశాడు. నవత నాలుగు నెలల కష్టం అది. మొదటి రెండు అధ్యాయాలు తప్ప మిగతావి ఇంకెక్కడా లేవు. కొత్త కార్డు పీకేశాడు. బీప్. కొత్త ర్యామ్ తీసేసి పాతది ఒక్కటే ఉంచాడు. అదే బీప్. పొద్దున దాకా పనిచేసిన వస్తువు కూడా ఇప్పుడు పనిచేయడం లేదు. షాపుకు ఫోన్ చేస్తే ఎంతసేపటికీ ఎంగేజ్. చెమట పట్టిన చేతులు పంచెకు తుడుచుకున్నాడు. గోడ గడియారం నాలుగు దాటింది. నవత ఐదింటికి వస్తానంది.

చివరికి ఫోన్ కలిసింది. అబ్రహాం తాపీగా అన్నాడు. "పరేషాన్ గాకుండ్రి సార్. దుమ్ము వడ్డట్టుంది. ర్యామ్ తీసి, పెన్సిల్ రబ్బరుతోని ఆ పసుప్పచ్చ పట్టీలు జెర రుద్దుండ్రి. రెండు దిక్కుల క్లిప్పులు టక్కుమనే దాక నొక్కుండ్రి."

రుద్దాడు. నొక్కాడు. క్లిప్పులు టక్కుమన్నాయి. స్విచ్ వేసి కళ్లు మూసుకున్నాడు. ఈసారి ఒక్కటే చిన్న బీప్. "వచ్చింది, వచ్చింది!" అని శారదమ్మ కేక. అదే క్షణంలో గేటు చప్పుడైంది.

నేల మీద స్క్రూలు చూసి నవతకు అంతా అర్థమైంది. తండ్రిని విసురుగా పక్కకు జరిపింది. ప్రాజెక్ట్ తెరిచి చూసుకుని, దొరికిన ఫ్లాపీలన్నిటిలోకీ ఎక్కించుకుంది. ఆదివారం మధ్యాహ్నానికి రిపోర్టు ముగించాకే ఆమె కోపం దిగింది.

"ఇగ బిగించుకో నాన్నా, నీ కార్డు. నేను సుత చూస్త."

బొమ్మ నీళ్లు పారినట్టు కదిలింది. పట్టాలు, స్తంభాలు, గడ్డి దుబ్బులు, ఎక్కడా ఆగడం లేదు. విజయేందర్ వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. దూరంగా వంపులో సిగ్నల్ చుక్క వెలిగింది. అదే వేగంతో పోనిచ్చాడు.

"నాన్నా, ఆపు! రెడ్!"

"గ్రీనే గదా?"

తెర మీద అవే అక్షరాలు పడ్డాయి. ఆయన ఆట మళ్లీ మొదలుపెట్టాడు. సిగ్నల్ కనపడగానే ఆట ఆపి, రంగు తను చెప్పి, నవతను చెప్పమన్నాడు. ఏడు సిగ్నళ్లలో నాలుగు తప్పాయి. ఈసారి బొమ్మ బిగుసుకోలేదు. నింద వేయడానికి డబ్బా లేదు.

"ఇంకోసారి చూద్దమా?" అంది నవత మెల్లగా.

"వద్దు బిడ్డా," అని కంప్యూటర్ ఆపేశాడు. నిజం బండి వెనక యాభై ఎనిమిది వ్యాగన్లుంటాయి. ఎదురుగా ప్యాసింజర్ రావచ్చు. జోగారావు కాగితం చొక్కా జేబులో గుచ్చుకుంటున్నట్టనిపించింది.

సోమవారం ఆసుపత్రిలో డాక్టరు రంగుచుక్కల పుస్తకం తెరిచాడు. మొదటి పేజీ అంకె విజయేందర్ నాలుక చివరే ఉంది. ఆ ఒక్క అంకె చెబితే మిగతావన్నీ వరసగా వచ్చేస్తాయి. మళ్లీ ఇంజను, మళ్లీ లైను. అరచేతులు మోకాళ్ల మీద నొక్కిపెట్టాడు.

"చెప్పండి. ఏం కనిపిస్తోంది?"

"సార్, ఈ పుస్తకం నాకు కంఠతా వచ్చు," అన్నాడు. "కనబడుడు మాత్రం కనబడ్తలేదు."

డాక్టరు పుస్తకం మూశాడు. బయట జోగారావు ఎదురుచూస్తున్నాడు. విజయేందర్ ఆ కాగితం తీసి అతని చేతిలో పెట్టాడు. "ఇంకెవనికీ ఇయ్యకు," అని, ఎండలో మౌలాలి బస్సు కోసం నిలబడ్డాడు. షెడ్డులో డ్యూటీ రెండింటికి.