పళ్ళ సెట్టు కోసం నంద్యాల పోతే

ఈ రోజు అమ్మను ఆళ్లగడ్డ నుంచి నంద్యాల పెద్దాసుపత్రికి తీసుకెళ్లాను. ప్రభుత్వ ఖర్చుతో పళ్ళ సెట్టు కట్టిస్తారని మా వీధి ఆశా కార్యకర్త చెప్పినప్పటి నుంచి అమ్మకు ఒకటే తొందర. ముందు పళ్ళు ఊడాక చర్చిలో వాక్యం చదవడం కూడా మానేసింది మరి.

డాక్టరమ్మ కాగితాలు చూసి, సెట్టు మంజూరవుతుందని చెప్పింది. అమ్మ సంతోషంగా నా చెయ్యి నొక్కింది. తర్వాత నోట్లోకి లైటు వేసి చూస్తూ డాక్టరమ్మ, అమ్మ బుగ్గ లోపల ఒకచోట చాలాసేపు ఆగిపోయింది.

"వక్కాకు ఏసుకుంటావామ్మా?"

"నలభై ఏండ్ల నుంచి ఏసుకుంటాండా. ఏం?"

"ఈడ తెల్ల మచ్చ ఉండాది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాల. పళ్ళ సంగతి ఆ తర్వాత చూద్దాం."

"పళ్ళు కట్టమని వస్తే కండ కోస్తామంటారేందమ్మా?" అని అమ్మ నవ్వబోయింది. నాకు మాత్రం క్యాన్సరేమోనన్న భయం పట్టుకుంది.

ముక్క తీశారు. ఫలితం రావడానికి వారం పడుతుందట. తిరుగు బస్సులో అమ్మ బుగ్గలో దూది పెట్టుకుని కూర్చుంది. శిరివెళ్ల దాటాక నడుము దగ్గర దోపుకున్న వక్కాకు సంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. మానమని పదేళ్ళుగా పోరుతున్నా వినని మనిషి! నాకంటే ఆమే ఎక్కువ భయపడుతోందని అప్పుడు తెలిసింది.

మీ ఇండ్లలో ఎవరికైనా ఇలా ముక్క తీసి, ఏమీ లేదని తేలి ఉంటే కింద రాయండి, అమ్మకు చదివి వినిపిస్తాను. వేరే కబుర్లుంటే మాత్రం ఈ వారం మీ దగ్గరే ఉంచుకోండి.