గునుగు పువ్వుకు గార్డు

ముంబైలో మా ఒంటిగది ఇళ్ల చాళీ గోడ మీద బొమ్మలు వేస్తున్నారు. ఫోరస్ రోడ్ వైపు తిరిగి ఉన్న గోడ అది. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ దాని మీద పాన్ మరకలు, మూలశంక డాక్టర్ల ప్రకటనలు, ఎన్నికల గుర్తులు తప్ప మరో కళ లేదు. ఇప్పుడు ఎవరో ఆర్ట్ కాలేజీ పిల్లలు వెదురు బొంగుల మంచె కట్టుకుని వారం నుంచీ గోడనిండా పూలూ, ఆడవాళ్లనూ వేస్తున్నారు. మంచిదే, కాదనను. కానీ ఈ ఊళ్లో అందం ఎక్కడ పుడితే అక్కడికి ఫోన్లు ముందే చేరతాయి. నిన్న పొద్దున పాల ప్యాకెట్ పట్టుకుని వస్తుంటే నిక్కరు వేసుకున్న ఒకాయన, ఫోటోలో పడుతున్నానని, "కాకా, జరా బాజూలా వ్హా" అన్నాడు. అరవై ఏళ్లుగా ఉంటున్న ఇంటి గుమ్మంలో నన్నే పక్కకు జరగమన్నాడు. జరిగాను. జరగడం అలవాటైపోయింది.

అప్పుడే మంచె మీద నుంచి ఒక పొడుగాటి అమ్మాయి దిగి వచ్చింది. ముక్కు మీద పసుప్పచ్చ రంగు. ఇక్కడ తెలుగువాళ్లు ఉంటారని ఎవరో చెబితే గోడ మధ్యలో బతుకమ్మను వేస్తున్నారట. పైన వేసిన బంతి, చామంతి, గుమ్మడి పువ్వు అన్నీ నాకు చూపించి, "కాకా, సర్వాత్ ఖాలీ కుఠలం ఫూల్ అసతం?" అని అడిగింది. అన్నిటికన్నా అడుగున ఏ పువ్వు ఉంటుందని. నేను గుర్తు తెచ్చుకోబోయాను. తంగేడా, గునుగా? ఏటా మా పది అడుగుల ఖోలీలో నా కళ్ల ముందు బతుకమ్మ లేచేది. రామాయణమంతా విని రాముడికి సీత ఏమవుతుందని అడిగినవాడి పరిస్థితి నాది. రేపు చెబుతానని ఇంట్లోకి వచ్చి పాలు స్టవ్ మీద పెట్టి, ఆ పిల్ల మీద, నా మీద, చివరికి ఎప్పుడో పోయిన మా పెద్దమ్మ మీద కూడా కోపం తెచ్చుకున్నాను. ఆ కోపంలో పాలు పొంగిపోయాయి.

పెద్దమ్మ మా అమ్మకు అక్క. నా చిన్నప్పుడే మా అమ్మ పోతే నన్ను పెంచింది ఆవిడే. పాలమూరు పల్లె నుంచి పెళ్లయిన ఏడే ఇక్కడికి వచ్చి, పెదనాన్నతో పాటు మేడల పనుల్లో తట్ట మోసింది. ఆవిడతో బస్సులో వెళ్లడం ఒక పరీక్ష. వర్లి దాటితే చాలు, "ఇగో, గీ మేడకు నేను తట్ట మోసిన. నాల్గో అంతస్తుల ఉండంగ పెద్ద వాన వచ్చె" అని బస్సులో అందరికీ వినిపించేలా చెప్పేది. ఒక కూడలిలో గుర్రం మీద కత్తి దూసిన ఎవరో మహానుభావుడి విగ్రహం ఉంటే, ఇది ఎవరిదో తెలుసా పెద్దమ్మా అని నేను పాండిత్యం చూపించబోయాను. "బొమ్మ సంగతి నాకెర్క లేదు బిడ్డా. దాని కింది గద్దె మాత్రం మేం కట్టిందే. సూడు, ఒక్క పర్రె లేదు" అంది. ఊళ్లో కళాఖండాలన్నిటినీ ఆవిడ నడుము కింది నుంచే చూసేది.

పూల విషయంలోనూ ఆవిడ లెక్క ఒకటే. పువ్వు కనిపిస్తే బాగుందనీ లేదనీ అనేది కాదు, "ఇది బతుకమ్మల నిలుస్తదా?" అని అడిగేది. మే నెలలో ఎర్రగా పూసిన గుల్‌మొహర్ కింద నిలబడి ఒక రెక్క తుంపి, వేళ్ల మధ్య నలిపి, "పల్చగుంది. గంటసేపుల వాడుతది" అని తీసేసింది. రోడ్డంతా పసుపు పరిచే సోన్‌మొహర్‌కు కొంత మర్యాద దక్కింది. "రంగు తంగేడుదే. గుణమే తంగేడుది కాదు" అంది. అసలు తంగేడు, గునుగు మాకు పండక్కి ముందురోజు పాలమూరు బస్సు మీద గోతాల్లో వచ్చేవి. దారంతా ఎండకు సగం వాడి వచ్చినా ఆవిడ వాటిని నీళ్లు చల్లి, తడిగుడ్డ కప్పి, చంటిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకునేది. దాదర్ మార్కెట్టు బంతిపూల గంపను మాత్రం కాలితో పక్కకు నెట్టేది.

ఇన్ని మాటలు చెప్పి అసలు సంగతి దాటేయాలని చూస్తున్నాను. పదకొండేళ్ల కిందట, ఒక ఫిబ్రవరి ఆదివారం, పెద్దమ్మను రాణీబాగ్‌లో పూల ప్రదర్శనకు తీసుకెళ్లాను. మా గల్లీ నుంచి నడిచి వెళ్లేంత దూరం. లోపల పువ్వుకు పదిమంది ఉన్నారు. అందరూ పూలకు వీపు పెట్టి నిలబడి ఫోన్ల వంక నవ్వుతున్నారు. తోసుకుంటూ, తొక్కించుకుంటూ, ఒకచోట ఆగాం. పూలకుండీలతో పెద్ద నెమలిని చేసి, చుట్టూ తాడు కట్టారు. నెమలి మెడకు నీలి పూలు, తోకకు గులాబీ కొసలున్న తెల్లటి కంకులు. పెద్దమ్మ నా చెయ్యి వదిలేసి తాడు దగ్గరికి వెళ్లింది.

"గునుగు! అరే, ఇది గునుగురా! మా జొన్న చేన్లల్ల గడ్డి లెక్క మొలుస్తది. పీకి పీకి చేతులు నొస్తయి. దీన్ని కుండీలల్ల పెట్టిండ్రా?" అని గట్టిగా నవ్వింది. అంత నవ్వు ఆవిడ ముఖంలో నేను ఎన్నడూ చూడలేదు. నవ్వుతూనే తాడు మీంచి వంగి ఒక కంకిని పుటుక్కున తెంపింది.

విజిల్ మోగింది. గార్డు పరుగున వచ్చాడు. "ఓ మావశీ! ఫూల్ కా తోడలం? బోర్డ్ దిసత్ నాహీ?" పువ్వు ఎందుకు తెంపావు, బోర్డు కనపడటం లేదా అని. నెమలి ముందు ఫోటోలు తీసుకుంటున్నవాళ్లంతా మా వైపు తిరిగారు. ఒకరిద్దరు ఫోన్లు కూడా తిప్పారు. పెద్దమ్మ కంకిని చూపిస్తూ ఏదో చెప్పబోయింది. నాకు తల కొట్టేసినట్టయింది. నేను మధ్యలో దూరి, పళ్లికిలించి, "జాఊ ద్యా సాహెబ్. గావాకడచీ ఆహే, తిలా కాయ్ కళత్ నాహీ" అన్నాను. వదిలెయ్యండి సాబ్, ఊరి నుంచి వచ్చింది, ఆవిడకేం తెలియదు అని.

యాభై ఏళ్లుగా ఈ ఊరి కూలీలతో పని చేయించే ముకాదములతో, కూరగాయలవాళ్లతో, నల్లా దగ్గర అమ్మలక్కలతో మరాఠీలోనే కొట్లాడిన మనిషి ఆవిడ. నా మాట ప్రతి ముక్కా అర్థమైంది. నవ్వు ఆగిపోయింది. కంకిని గార్డు చేతిలో పెట్టి, కొంగు సర్దుకుని, గేటు వైపు నడిచింది. దారిలో ఒకే ఒక్కసారి అడిగింది.

"ఊరిదాన్నారా నేను?"

"మరేమనాలె? నలుగుట్ల ఇజ్జత్ పోతుండె. అసలు నువ్వెందుకు తెంపినవ్?"

"తెంపి పేరిస్తెనే పువ్వు. లేకుంటె గడ్డి" అంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తరవాత నేను చేయని ప్రయత్నం లేదు. తూర్పు హైవే పక్కన విక్రోళి దగ్గర ఏటా గులాబీ రంగు చెట్లు పూస్తాయి. ఆకు కనిపించకుండా పూస్తాయి. మహా అయితే రెండు వారాలు. మరుసటి ఏడు పద పెద్దమ్మా అంటే, "నేనేడికి? ఊరిదాన్ని, నాకేం కళత్ నాహీ" అని నా మాటే నాకు అప్పజెప్పింది. ఆ పై ఏడు బతిమాలి ఒప్పించి స్టేషన్‌కు తీసుకెళ్తే ఆదివారం మెగాబ్లాక్, రైళ్లు లేవు. ఈ రైల్వేవాళ్లకు పట్టాలు బాగుచేసుకోవడానికి నా జీవితంలోని ఆదివారాలే దొరికాయి. వారం తిరిగేసరికి చెట్లు ఖాళీ. మూడో ఏడు ఆవిడ మోకాళ్లు కదలనివ్వకపోతే టాక్సీ మాట్లాడాను.

సరిగ్గా ఆ చెట్ల కిందే ట్రాఫిక్ ఆగిపోయింది. ముందు లారీ, వెనక లారీ, పక్కన సిమెంటు కలిపే బండి. టాక్సీవాడు ఇంజను ఆపేసి స్టీరింగును తిట్టడం మొదలుపెట్టాడు. తలెత్తితే ఆకాశం గులాబీ రంగు. నా మూడేళ్ల ఆశ నెరవేరింది, అదీ పొగలో, హారన్లలో. "సూడు పెద్దమ్మా, సూడు!" అన్నాను. "సూస్తున్న" అంది. రెండు చేతులూ కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఆవిడ ఆ ప్రశ్న అడుగుతుందని ఎదురుచూశాను. బతుకమ్మలో నిలుస్తుందా లేదా? పనికిరాదని తీసేసినా సంతోషించేవాణ్ని. అడగలేదు. గాలికి ఒక పువ్వు కిటికీలోంచి వచ్చి ఆవిడ ఒళ్లో పడింది. కాసేపు దాన్ని చూసింది. తరవాత కొంగులోంచి చెయ్యి తీసి, పువ్వును రెండు వేళ్లతో పట్టుకుని కిటికీ బయట వదిలేసింది.

"మనది కాదురా. గార్డు సూస్తడు" అంది.

హాస్యానికి అన్నదో, నిజంగానే అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. లారీ కదిలింది, మేమూ కదిలాం. ఆ ఏడు బతుకమ్మను పేర్చింది, ఆ పై ఏడు పేర్చడానికి ఆవిడ లేదు. అప్పటి నుంచీ మా ఇంట్లో బతుకమ్మ లేదు. గోతాలు ఎవరి ఇంటి ముందు దిగుతున్నాయో కూడా నేను చూడలేదు.

ఇవాళ పొద్దున నాకా కూడలి దగ్గర కూలికి నిలబడ్డ పాలమూరు ఆడవాళ్లను అడిగాను. "తంగేడే అడుగున" అందొకామె. "గునుగు పెట్టకుంటె గట్టిగ నిలుస్తదానె?" అని రెండో ఆమె లేచింది. వాళ్లిద్దరూ వాదించుకుంటుంటే వచ్చేశాను. గోడ దగ్గర ఆ పొడుగాటి అమ్మాయి కుంచె కడుక్కుంటూ నా కోసమే చూస్తోంది. అడుగు వరస ఖాళీగా ఉంది. నాకు తెలియదమ్మా, తెలిసిన మనిషి మా పెద్దమ్మ, ఇప్పుడు లేదు, అయినా గునుగే వెయ్యి అని చెప్పాను. అది ఎలా ఉంటుందో ఫోన్‌లో చూపించాను. గులాబీ కొసలున్న తెల్ల కంకి. పెద్దమ్మ ఉంటే తప్పని కొట్టేసేదేమో, కొట్టేస్తే బాగుండేది. ఆ పిల్ల కింద కూర్చుని మొదటి కంకి గీస్తూ మామూలుగా అడిగింది, "ఆజీ గావచ్యా హోత్యా కా?"

ఆవిడ ఊరిదా అని.

"నాహీ. ముంబైచీ" అన్నాను, కాదు, ముంబైదే అని. ఎంత గట్టిగా అన్నానంటే, ఫోటో తీసుకుంటున్నవాళ్లు తిరిగి చూశారు. ఈసారి నేను పక్కకు జరగలేదు. రాణీబాగ్‌లో గునుగు మళ్లీ ఏటా పూస్తూనే ఉంది, హైవే మీద గులాబీ చెట్లూ తమ వేళకు పూస్తున్నాయి. ఆ మాట చెప్పవలసిన ఆదివారం మాత్రం పదకొండేళ్ల కిందటే వెళ్లిపోయింది.