లిఫ్టర్నిచ్చి స్మాషర్ని తెచ్చుకున్నాం

20-2-2005, ఆదివారం మధ్యాహ్నం. అండమాన్లో అబర్డీన్ బజార్, ఇనుప సామాన్ల కొట్టు మేడ మీద. హాజరైనవారు: హార్బర్ మావయ్య (పెద్దమనిషి), మా బావ (మిన్నీ బే కెప్టెన్), కొట్టు భయ్యా (గరాచర్మ కెప్టెన్), ఆరడుగులాయన, నేను. టీలు రెండు విడతలు.

ఆ రోజుల్లో ఏ పని జరిగినా ముందు హాజరు వేసుకోవడం నా అలవాటు. (పెళ్ళి భోజనానికెళ్ళినా నా పంక్తిలో ఎవరెవరు కూర్చున్నారో రాసుకునేవాణ్ణని మా ఆవిడ ఇప్పటికీ చెప్పి అందర్నీ నవ్విస్తుంది.) రాసుకునేవాడి చేతిలో పొరపాటు జరగదని నాకో గట్టి నమ్మకం. వయసు ముప్పై ఎనిమిది, ఉద్యోగం గుమాస్తా, సాయంత్రమైతే వాలీబాల్.

సునామీ వచ్చి అప్పటికి రెండు నెలలు కావస్తోంది. మా తెలుగువాళ్ళ వాలీబాల్ పోటీలు సగంలో ఆగిపోయాయి. మిన్నీ బేలో మా కోర్టు మీదికి నీళ్ళొచ్చి స్తంభాలూ నెట్టూ పట్టుకుపోయాయి. మా స్మాషర్లిద్దరిలో ఒకడు పెళ్ళాంబిడ్డలతో వైజాగ్ ఓడ ఎక్కేశాడు, రెండోవాడికి కార్ నికోబార్లో రిలీఫ్ డ్యూటీ పడింది. మిగిలింది నేను, లిఫ్టర్ని. అంటే నెట్టు పక్కన నిలబడి, కొట్టేవాడి చేతికందేలా బంతిని పైకి లేపి ఇచ్చేవాణ్ణి. గరాచర్మ వాళ్ళ గతి ఇంకోలా ఉంది. హట్ బే నుంచి అక్కడి సునామీ క్యాంపుకొచ్చిన లారీ డ్రైవరొకాయన వాళ్ళకి దొరికాడు. ఆరడుగుల పైన మనిషి. కొడితే బంతి నేలలో దిగబడుతుందేమో అనిపించేది. కానీ వాళ్ళ లిఫ్టర్ కూడా ఓడెక్కి వెళ్ళిపోయాడు.

మా బావ (మా ఆవిడకి స్వయానా అన్నగారు, అందుకే నాకు జట్టులో చోటని గిట్టనివాళ్ళు అనేవారు) కంట్రాక్టరు. పడిపోయిన గోడ కనిపిస్తే చాలు, ఆయన చేతులు ఊరుకునేవి కావు. పోటీలు మళ్ళీ మొదలుపెడదామని ఊరంతా తిరిగి ఒప్పించింది ఆయనే. "బంతి ఎగరకపోతే జనం సముద్రంకేసే చూస్తూ కూర్చుంటారు బావా" అన్నాడు నాతో. అంత పెద్ద మాటని అంత మామూలుగా అనగలిగే మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆయనకి సాయం చేద్దామనే నా డైరీ తీశాను. ఆ సీజన్లో నేను లేపిన బంతులెన్ని, వాటిలో పాయింట్లయినవెన్ని, అన్నీ గీతలు గీసి ఉన్నాయి. స్మాషర్లు వెళ్ళిపోయాక నెట్టుకి బదులు తాడు కట్టుకుని ఆడిన ప్రాక్టీసుల్లో ఒక్కటీ పాయింటు కాలేదని గట్టిగా చదివి వినిపించాను. బావ గడ్డం గోక్కున్నాడు.

"అంటే నీ లిఫ్టు ఇప్పుడు మనకి దండగే అన్నమాట."

"దండగ అన్లేదు బావా, స్మాషర్ లేడన్నాను."

"అదే కదా. భయ్యా దగ్గర స్మాషరున్నాడు. నిన్నిచ్చి ఆయన్ని తెచ్చుకుందాం."

పన్నెండేళ్ళు లిఫ్టు చేసిన కోర్టది. అలా కూడాం ఆ ఆదివారం, కొట్టు మేడ మీద. సగం సీజన్లో ఆటగాళ్ళని మార్చుకోవడమెలాగో మాలో ఎవరికీ తెలీదు. హార్బర్లో రిటైరైన మావయ్య తేల్చేశాడు. "ఇచ్చిపుచ్చుకోవడమేగా? మా శ్రీకాకుళంలో మన పిల్లని వాళ్ళింటికిచ్చి వాళ్ళ పిల్లని మనింటికి తెచ్చుకునేవాళ్ళం, కుండమార్పిడి. అలాగే కానిద్దాం. తమలపాకులు తెప్పించండి."

ఇక చూడండి నా పెళ్ళిచూపులు. భయ్యా నన్ను అటొకసారి ఇటొకసారి నడిపించాడు.

"మోకాళ్ళెలా ఉన్నాయి?"

"ఎడమది మబ్బు పట్టినప్పుడు మాత్రమే నొప్పి పెడుతుంది" అన్నాడు బావ.

"అరే భయ్యా, అండమాన్లో ఎనిమిది నెలలు మబ్బే కదా!" అన్నాడు కొట్టు భయ్యా.

"మరి మీవాడు మాట్లాడడేంటి?" బావ ఎదురడిగాడు.

"కొట్టేవాడికి మాటలెందుకు? సరే గానీ, ఉత్త లిఫ్టరేనా? లాంఛనంగా ఒక నెట్టన్నా పంపరా?"

"నెట్టు సముద్రం పట్టుకెళ్ళింది. వెళ్ళి దాన్నడుగు."

ముందు మావయ్య నవ్వాడు, ఆ తర్వాత అందరం. రెండు నెలల్లో నేనలా నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వులోనే ధైర్యం చేసి, "నన్నెవరూ అడగరా?" అన్నాను.

"ఆ కాలంలో పెళ్ళికూతుర్ని ఎవరడిగారు అల్లుడూ?" అన్నాడు మావయ్య. ఆరడుగులాయన ఈసారి పైకే నవ్వాడు. బావ మాత్రం నాకేసి చూడకుండా తమలపాకులు సర్దుతూ కూర్చున్నాడు. తాంబూలాలు మారాయి.

మర్నాడు పొద్దున్న మొదటి బస్సులో గరాచర్మ వెళ్ళాను. అందరూ చుట్టూ నిలబడ్డారు. మొదటి బంతి లేపాను. నా జన్మలో అంత చక్కటి లిఫ్టు ఇవ్వలేదు. నెట్టు మీద జానెడెత్తున ఒక్క క్షణం ఆగినట్టే ఆగి, నెమ్మదిగా దిగి, ఇసకలో పడింది. అందరం దాన్నే చూస్తున్నాం.

"కొట్టేవాడేడీ?" అన్నాడు భయ్యా.

"మాకిచ్చేశారు కదండీ."

భయ్యా నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. కుండమార్పిడిలో రెండిళ్ళలోనూ పెళ్ళికొడుకులు ఇంట్లోనే ఉంటారు కాబట్టి పెళ్ళిళ్ళవుతాయి. మేం పెళ్ళికూతుర్ని అటు పంపి, ఆమె కోసమని వాళ్ళ పెళ్ళికొడుకుని ఇటు తెచ్చుకున్నాం! ఐదుగురు మనుషులు, మూడు గంటల బేరం, ఒక్కడికీ తట్టలేదు. (నాకు తట్టకపోవడమే అందరికంటే సిగ్గుచేటు.) భయ్యా తిడతాడనుకున్నాను. ఆయన నా భుజం మీద చెయ్యేశాడు. "జావో భయ్యా, వెళ్ళి ఆయనకి అక్కడే లేపు. ఆ చెయ్యి ఖాళీగా ఉండకూడదు. ఎవరి జట్టయితేనేం, నేనొచ్చి చప్పట్లు కొడతా." ఉన్న ఒక్క స్మాషర్నీ అంత సులువుగా వదులుకున్న ఆ మనిషికి నేను మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

అబర్డీన్ బస్టాండులో దిగేసరికి బెంచీ మీద ఆరడుగులాయన, ఒళ్ళో బూట్ల సంచితో.

"మీరిక్కడేంటి?" అన్నాను.

"మీ బావగారు పంపేశారన్నా. లేపేవాడు లేకపోతే నీ చెయ్యి వృథా, గరాచర్మే పో, అక్కడ మావాడున్నాడు, వాడికన్నా బాగా లేపేవాడు ఈ దీవుల్లో లేడు అన్నారు."

పన్నెండేళ్ళలో ఆ మాట బావ నా ముందు ఒక్కసారీ అనలేదు. రెండు టీలు చెప్పాను. బస్సులొస్తున్నాయి, పోతున్నాయి.

"ఇప్పుడు మనం ఏ బస్సెక్కాలన్నా?"

అంత పద్ధతిగల గుమాస్తా, గ్లాసు చేత్తో పట్టుకుని, వచ్చే ప్రతి బస్సు బోర్డూ చదువుతూ నిలబడిపోయాడు. ఇప్పుడు తలుచుకుంటే వాడి మీద నాకు ముచ్చటేస్తుంది.

"ఏదైనా పర్లేదు. ఇద్దరం ఒకటే ఎక్కాలి" అన్నాను చివరికి.

మిన్నీ బే బస్సు ముందొచ్చింది.