ఓడితే ఊరు రాసివ్వాలి

నర్సింహులపేట దాటాక మిరప చేల నడుమ ఒక చిన్న సబ్‌స్టేషన్ ఉంది. దానికి ఆపరేటర్ బలరాం. చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు అతని పేరు తెలియదు. కరెంటాయన అంటారు. కరెంటు ఉన్నంతసేపు అలాంటి మనిషి ఒకడున్నాడని ఎవరికీ గుర్తుండదు. పోయిన మరుక్షణం మాత్రం ఫోన్ మోగుతుంది, తిట్లు మొదలవుతాయి. తిట్టడానికైనా ఎవరో ఒకరు పలకరించారులే అనుకునే దాకా వచ్చింది అతని ఒంటరితనం.

డ్యూటీలో ఒక్కడే ఉండాలి. గంటకోసారి మీటర్లు చూసి, మానుకోట పెద్ద సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి రీడింగ్ చెప్పాలి. అక్కడ ఫోనెత్తి రాసుకునే మనిషి జయపాల్, వయసులో పెద్దవాడు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు. ఓసారి గాలివానకు లైన్లన్నీ పడిపోయి చెప్పడానికి రీడింగే లేకపోయింది. అయినా అలవాటుకొద్దీ బలరాం ఫోన్ చేశాడు.

"ఉత్తగనే కూసుంటవా తమ్మీ? ఒక లెక్క చెప్త, ఇప్పు" అన్నాడు జయపాల్. "ముగ్గురన్నదమ్ములు. అండ్ల ఒకడు ఇంట్ల చెప్పకుంట మేకనమ్మిండు. నేను అమ్మలే అన్నడు పెద్దోడు. చిన్నోడే అమ్మిండు అన్నడు నడిపోడు. నడిపోడు అబద్ధమాడుతుండు అన్నడు చిన్నోడు. ముగ్గుర్ల ఒక్కడే నిజం చెప్పిండు. మేకనెవలమ్మిండ్రు?"

బలరాం ట్రాన్స్‌ఫార్మర్ల పక్కన గొణుక్కుంటూ తిరిగాడు. మళ్లీ గంటకు ఫోన్ చేసి, "పెద్దోడే అన్నా" అన్నాడు. "నడిపోడు, చిన్నోడు ఎదురెదురు మాట్లాడిండ్రు. ఇద్దర్ల ఒకడు నిజం చెప్పినట్టే గదా. ఒక్కడే నిజమన్నవ్, ఇగ పెద్దోని మాట అబద్ధమే అయితది."

"శభాష్‌రా!" అన్నాడు జయపాల్.

ఆ మాట విని ఎన్నాళ్లయిందో! బళ్లో లెక్కల సారు అన్నాక మళ్లీ ఎవరూ అనలేదు. ఆనాటి నుంచి ఇద్దరికీ ఒకే షిఫ్టు పడితే రీడింగ్ వెంట అటో ఇటో ఓ చిక్కు లెక్క కూడా వెళ్లేది. విప్పలేకపోతే ఓడినవాడు ఒక ఊరు రాసివ్వాలని షరతు పెట్టుకున్నారు. నోటిమాటగానే లెండి, సొంతానికి ఎకరం లేనివాళ్లకు అంతకంటే ఏముంది! జయపాల్ ఓడి బచ్చన్నపేటను చెరువులతో సహా రాసిచ్చాడు. బలరాం ఓడి బయ్యారాన్ని ఇనుపరాయితో సహా పోగొట్టుకుని రెండ్రోజులు దిగులుపడ్డాడు.

ఇంట్లో ఈ సంబరం చెప్పుకుందామంటే భార్య గంగికి మిరప తోట పనితో తీరిక ఉండదు. "నీ లెక్కలతోని కాయ తెగుతదా?" అన్నట్టుగా తమ తండా బాసలో విసుక్కునేది. ఆమె తప్పేం లేదు. ఎండలో వంగి వంగి నడుం విరిగిన మనిషికి మేక ఎవరమ్మితేనేం?

ఒకనాడు బలరాం మూడు స్విచ్చుల లెక్క వేశాడు. గది బయట మూడు స్విచ్చులు, లోపల ఒక బల్బు. గదిలోకి ఒక్కసారే వెళ్లి ఏ స్విచ్చుదో చెప్పాలి. ఒకటి కాసేపు వేసి ఆపి, రెండోది వేసి లోపలికెళ్లాలి, బల్బు వెలగకపోతే తాకి వేడి చూడాలన్నది అతని జవాబు. తర్వాతి ఫోన్‌లో జయపాల్, "గిప్పుడన్నీ ఎల్‌ఈడీ బల్బులు తమ్మీ. గంత వేడి యాడుంటది? కరెంటోనివై గా ముచ్చట గూడ తెల్వదా?" అన్నాడు. బలరాం కడుపు పట్టుకుని నవ్వాడు. ఇంత చురుకైనవాడు కూడా తనలాగే నాలుగు గోడల మధ్య ఒక్కడే కూర్చున్నాడు కదా అని జాలిపడ్డాడు కూడా. ఆ జాలిలో ఒక తోడు ఉండేది.

తర్వాత కొత్త మీటర్లు వచ్చాయి. రీడింగ్ దానంతటదే మానుకోటకు వెళ్లిపోతోంది. ఫోన్ చేయాల్సిన పని లేదు. పని లేకుండా చేస్తే ఏమనుకుంటాడో! బలరాం ఫోన్ తీసేవాడు, పెట్టేసేవాడు. జయపాల్ కూడా చేయలేదు. చివరికి ఒకరోజు మోగింది. "తమ్మీ, రిటైరయితున్న. దావత్‌కు రావాలె" అన్నాడు జయపాల్.

బలరాం చొక్కా ఇస్త్రీ చేయించుకుని బస్సెక్కాడు. ఒకటే కోరిక. ఇక ముందు కూడా ఫోన్ చేస్తుంటానన్నా అని అడగాలి, సరేననిపించుకోవాలి. ఆయన కూడా పోతే ఇంక తనతో మాట్లాడే మనిషి లేడు.

పెద్ద సబ్‌స్టేషన్ ఆవరణలో టెంటు, బగారన్నం, కోడికూర, ఒకటే సందడి. జయపాల్ ఎదురొచ్చి కావలించుకున్నాడు. ఇంతలో ఓ ఉద్యోగిని పరుగున వచ్చింది. "నువ్వేనా బలరామన్న! నేను సుజాతను. నీ లెక్కలకు మేమందరం ఎంత కొట్లాడేటోళ్లమో! ఫోన్ స్పీకర్ల పెట్టి ఇనేది. గా ఎల్‌ఈడీ బల్బు మాట నాదే!"

"బయ్యారం గెలిచింది నా లెక్కతోని" అన్నాడు పక్కనున్న హీరాలాల్.

మేక లెక్క ఇంకెవరిదో. అందరూ నవ్వుతున్నారు, అభిమానంగానే. బలరాం కూడా నవ్వాడు. కానీ ఇన్నేళ్లూ తన మనసులో కూర్చోబెట్టుకున్న జయపాల్‌ను తలా ఒక ముక్క పంచుకుపోతున్నట్టనిపించింది. ఫోనుకు అటూ ఇటూ చెరొకరం అనుకున్నాడు. కాదు. అటు అందరూ, ఇటు తనొక్కడు. ఏడుపొచ్చింది.

"మీ దగ్గర ఎందరుంటరన్నా లెక్కలిప్పెటోళ్లు?" అని అడిగింది సుజాత.

"మేం గూడ నలుగురం" అన్నాడు బలరాం. నోట్లోంచి ఎలా వచ్చిందో అతనికే తెలియదు. "దస్రు, భోజ్యా, ధన్‌సింగ్. మస్తు తెలివిగల్లోళ్లు."

హీరాలాల్ నొసలు ముడిచాడు. "మొన్న మీటర్లు బిగించెతందుకు వచ్చినోళ్లు చెప్పిండ్రు గదా, ఆడ ఒక్కనివే ఉంటవని?"

బలరాం తల వంచుకుని అన్నం కలపసాగాడు.

"నీకేం తెల్సురా!" అన్నాడు జయపాల్, గరిటెతో కూర వడ్డిస్తూ. "ఫోన్ల నేను రోజూ ఇన్న. ఎనక ఒకటే లొల్లి. నా చెవులు చిల్లులు పడేటియి."

ఫోనులో ఎన్నడూ బలరాం గొంతు వెనక ట్రాన్స్‌ఫార్మర్ గీ అనే రొద తప్ప మరో చప్పుడు లేదు. అది బలరాంకు తెలుసు. జయపాల్‌కూ తెలుసని ఇప్పుడు తెలిసింది. ఒక్కడే ఉన్నాడని ఇన్నేళ్లూ తెలిసి కూడా ఏనాడూ అడగలేదేమని కోపం వచ్చింది. పరువు కాపాడినందుకు దండం పెట్టాలనీ అనిపించింది.

సాయంత్రం జయపాల్ బస్టాండు దాకా తోడు వచ్చాడు. ఇప్పుడైనా అడుగుతాడు, నిజం చెప్పేస్తాను అని బలరాం ఎదురుచూశాడు. బస్సు వచ్చింది. దగ్గర్లో వాళ్లిద్దరి మాటలు వినేవాళ్లెవరూ లేరు.

జయపాల్ అతని భుజం తట్టి, "మంచిగుండు తమ్మీ. మీ దస్రును, భోజ్యాను అందర్ని అడిగిన్నని చెప్పు" అన్నాడు.

"చెప్తన్నా" అని బలరాం, ఫోన్ సంగతి అడగకుండానే బస్సెక్కాడు.