ఇంకో టేకు అడిగిన రాజన్న కాక

సూరత్‌లోని మా ఉధ్నాలో కరెంటు పోయి మగ్గాలన్నీ ఒక్కసారి ఆగితే, ఆ నిశ్శబ్దానికి నా చెవులు గుయ్యిమంటాయి. వెంటనే రాజన్న కాక గుర్తొస్తాడు. రోజూ మగ్గాలు బాగుచేసేవాడు, ఆదివారాలు సెల్‌ఫోనుతో హాస్య చిత్రాలు తీసేవాడు. గణపతి పందిట్లో నాటకాలతో మొదలై, పెళ్లి వీడియోల మీదుగా అక్కడికి చేరిన దర్శకుడు. మగ్గాల హోరులో మా వీధివాళ్లు దేవుడితో కూడా సైగలతోనే మొర పెట్టుకుంటారు కనుక, ఆయన సినిమాల్లో మాటలుండవు. ఒక పెళ్లిలో దుప్పటి మీద ఆయన సినిమా వేస్తే, నవ్వాపుకోలేక పెళ్లికొడుకు తాత కట్టుడు పళ్లు పప్పులో పడ్డాయి. అవి దొరికేదాకా రెండో బంతి కూర్చోలేదు.

లాక్‌డౌన్‌లో మగ్గాలు ఆగాయి, రైళ్లు ఆగాయి. మా సొంతూరు సిరిసిల్లకు నడిచి పోదామని సంచి సర్దాను. నా భార్య లలితకు ఆరో నెల. బయట ఎండకు కాకులు కూడా గొడుగులు వెతుక్కుంటున్నాయి. "తొవ్వలనే పానం పోతది, నేను రాను" అని లలిత ఏడ్చింది. ఎవరెంత వద్దంటే నాకంత పట్టుదల. అప్పుడు కాక వచ్చాడు, మూతికి తువ్వాలు, చేతిలో ఫోను.

"పోతున్నవా? మంచిది. జర ఆగు, సంచి ఎత్తుకునే షాటు తీస్కుంట. ఊరికి పోదామనుకునేటోడు పోలేడు, గదే కథ."

"హీరో ఎవరు కాకా?"

"ఇంకెవడురా, నువ్వే!"

నా ఛాతీ గుమ్మానికి అడ్డంపడేంత ఉబ్బింది. సంచి ఎత్తాను.

"ఏంది గా మూతి? నవ్విద్దామని చూడకు. నువ్వు నిజంగ పోతున్నవ్, గంతే. రేపు ఇంకో టేకు."

మర్నాడు వెలుతురు చాలదన్నాడు. ఆపై సంచి ఉబ్బు కుదరలేదన్నాడు. గడ్డం గీస్తే కంటిన్యుటీ పోతుందని బెదిరించాడు. హీరో మధ్యలో పారిపోతే సినిమా పరిశ్రమే కుప్పకూలుతుందని నేనూ నమ్మాను. గుమ్మం దాటకుండానే సిరిసిల్ల పోయి వచ్చినంత నడిచాను.

చివరికి అడిగాను: "నన్ను ఆపెతందుకేనా కాకా, ఇదంత?"

"గిప్పుడు సమజైందా? నీ పెండ్లానికి మొదటి రోజే సమజైంది. సంచి ఎత్తు."

ఎత్తాను. కళ్లలో నీళ్లు తిరిగి, నటించడం మరిచిపోయాను. "గిది ఓకే" అన్నాడు.

వానల్లో మా బిడ్డ సూరత్‌లోనే పుట్టింది. కాక ఆసుపత్రి కిటికీ అవతల నుంచి ఫోను ఎత్తగానే కెవ్వుమంది. "చూసినవా, ఒక్క టేకుల ఓకే! నాయిన పోలిక రాలే, బతికినం" అన్నాడు.

మరుసటి వేసవి ఆయన్ని కరోనా తీసుకుపోయింది. ఇప్పుడు ఎవరైనా మొండిగా బయల్దేరితే నేను వద్దనను. "నాకొక చిన్న సాయం చేసి పో" అంటాను. ఆ సాయం ఓ పట్టాన తెమలకుండా చూసుకుంటాను.